వెండితో కొన్నవాడికి పస్కాలో భాగం: ప్రాచీన ఇశ్రాయేలు ఇంట సున్నతి, దాస్యం

బైబిలులోని నిర్గమకాండము 12వ అధ్యాయం చివర, ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడుదలను గుర్తుచేసే పండుగైన పస్కా భోజనానికి ఎవరు అర్హులో, ఎవరు కారో చెప్పే ఏడు వచనాల చిన్న చట్టం ఉంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయలుదేరిన రాత్రి కథ నడుస్తుండగా ఈ చట్టం ఉన్నట్టుండి మొదలవుతుంది గనుక చాలామంది పాఠకులు దాన్ని త్వరగా దాటి మళ్లీ కథలోకి వెళ్లిపోతారు. నిలిచి చదివితే మాత్రం అందులోని క్రమం ఆశ్చర్యం కలిగిస్తుంది. అన్యుడెవడూ పస్కాను తినకూడదని మొదట చెప్పి, వెండి పెట్టి కొన్న దాసుడు సున్నతి పొందిన తర్వాత తినవచ్చని వెంటనే చెబుతుంది. ఆపైన, ఊళ్లో తాత్కాలికంగా కాపురముండే పరవాసి గాని, కూలికి పనిచేసేవాడు గాని తినకూడదని అంటుంది. కూలివాడు స్వతంత్రుడు, తన శ్రమను అమ్ముకుంటాడే తప్ప అతణ్ణి ఎవరూ కొనలేదు. అయినా అతను గుమ్మం బయటే ఆగాలి. ధర కట్టి తెచ్చుకున్న విదేశీ దాసుడు మాత్రం లోపల కూర్చుని గొర్రెపిల్ల మాంసం తినవచ్చు. స్వేచ్ఛ ఉన్నవాడికి ఆరాధనలో చోటు లేకపోవడం, అది బొత్తిగా లేనివాడికి చోటు ఉండడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్నను పట్టుకుంటే, ఆ సమాజంలో సున్నతికీ దాస్యానికీ ఉన్న సంబంధం చాలావరకు తేటపడుతుంది.

ప్రాచీన ఇశ్రాయేలులో మతం ప్రధానంగా ఇంటి వ్యవహారం. ఇల్లంటే తండ్రి, అతని భార్యలు, పెళ్లయిన కొడుకులు, వాళ్ల పిల్లలు, పెళ్లికాని కూతుళ్లు, ఒక్కోసారి తిరిగివచ్చిన విధవరాలు, దాసదాసీలు, పశువులు అన్నీ కలిసిన సముదాయం. కనాను కొండసీమల్లో తవ్వకాల్లో బయటపడిన ఇనుప యుగపు ఇళ్లలో రాతి స్తంభాల వెంబడి పశువులకూ ధాన్యానికీ చోటుండడం, మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద గడిపిన బతుకును చూపుతుంది. పస్కా నియమాలు కూడా ఈ లెక్కనే నడుస్తాయి. ఇంటికొక గొర్రెపిల్ల, ఇల్లు చిన్నదైతే పొరుగింటితో కలిసి ఒకటి, మాంసాన్ని ఇంటి బయటికి తీసుకుపోకూడదు. తినేవాళ్ల జాబితాను వ్యక్తుల పుట్టుకను బట్టి కాక ఇంటి గోడను బట్టి తయారుచేసిన చట్టం ఇది. కూలివాడికి సాయంత్రమయ్యాక వెళ్లడానికి తన ఇల్లు, అందులో తన పెద్దలు, తన దేవుళ్లు ఉన్నారు. కొన్న దాసుడికి ఆ వెసులుబాటు లేదు. అతణ్ణి అమ్మినప్పుడే పుట్టిన ఊరితో, తలిదండ్రులతో, వాళ్లు కొలిచిన దేవతలతో అతని బంధం తెగిపోయింది. యజమాని ఇల్లు తప్ప అతనికి ఇల్లు లేదు కాబట్టే ఆ ఇంటి పండుగ అతనిది అయింది. చట్టం అతనికి ఇచ్చిన చోటు, అతను పోగొట్టుకున్నదాని మీద నిలబడిన చోటు. దీన్ని మరచిపోయి ఈ వచనాలను ఉదారతకు నిదర్శనంగా మాత్రమే చదివే వ్యాఖ్యానాలు సగం నిజమే చెబుతాయి.

సున్నతి ఆజ్ఞకు మూలమైన ఆదికాండము 17వ అధ్యాయం ఈ విషయంలో మరింత స్పష్టంగా ఉంటుంది. ఇశ్రాయేలీయుల మూలపురుషుడు అబ్రాముకు 99 ఏళ్లప్పుడు దేవుడు అతని పేరును అబ్రాహాముగా మార్చి, నిబంధనకు, అంటే అతని వంశంతో తాను చేసిన ఒడంబడికకు, గుర్తుగా ప్రతి మగవాడికీ ఎనిమిదో రోజున సున్నతి చేయాలని ఆజ్ఞాపిస్తాడు. ఇంట పుట్టిన దాసులకూ, సంతానం కాని అన్యుల నుంచి వెండితో కొన్న దాసులకూ ఆ ఆజ్ఞ వర్తిస్తుందని ఒకసారి చెప్పి ఊరుకోక, వెనువెంటనే మళ్లీ చెబుతాడు. సున్నతి లేని మగవాడు తన జనంలోనుంచి కొట్టివేయబడతాడన్న హెచ్చరిక ఆ వెంటనే వస్తుంది. అదే రోజున అబ్రాహాము తనకూ, పదమూడేళ్ల కొడుకు ఇష్మాయేలుకూ, ఇంటిలోని మగవాళ్లందరికీ సున్నతి జరిపించాడని అధ్యాయం ముగుస్తుంది.

ఆ రోజున ఆ గుర్తు పొందినవాళ్లెవరో ఒకసారి లెక్క చూడాలి. అబ్రాహాము భార్య శారాకు పుట్టవలసిన ఇస్సాకు అప్పటికి పుట్టనే లేదు. నిబంధన ఇస్సాకుతోనే స్థిరపడుతుందని, ఇష్మాయేలుకు ఆశీర్వాదం ఉన్నా నిబంధన వారసత్వం ఉండదని దేవుడు అదే అధ్యాయంలో తేల్చి చెప్పాడు. అంటే మొట్టమొదటి సున్నతి దినాన అబ్రాహాము ఒక్కణ్ణి మినహాయిస్తే, కత్తి కిందికి వెళ్లిన ప్రతివాడూ నిబంధన వాగ్దానాలకు వారసుడు కానివాడే: ఒకడు దాసికి పుట్టిన కొడుకు, మిగిలినవాళ్లు దాసులు. నిబంధనకు గుర్తూ, నిబంధనకు వారసత్వమూ ఒకటే అని భావించేవాళ్లకు ఈ దృశ్యం ఇబ్బందికరంగా ఉంటుంది. గుర్తు ఇంటి మగవాళ్లందరిదీ, వారసత్వం ఒక వంశపు పాయది. దాసుడు మొదటిదాంట్లో పూర్తిగా ఉన్నాడు, రెండోదాంట్లో లేడు. ఆ తర్వాతి చట్టాల్లో దాసుల స్థితి గురించి కనిపించే వింతలన్నీ ఈ ఎడం నుంచే పుట్టాయని చెప్పవచ్చు.

అయితే ఆ ఎడం ఎప్పుడూ దాటరానిదిగానే ఉందని కూడా అనుకోకూడదు. చెరపట్టబడిన సోదరుడి కొడుకు లోతును విడిపించడానికి అబ్రాము తన ఇంట పుట్టి శిక్షణ పొందిన 318 మందిని వెంటబెట్టుకుని వెళ్లాడని ఆదికాండము 14వ అధ్యాయం చెబుతుంది. యజమాని యుద్ధానికి ఆయుధమిచ్చి నమ్మగల మనుషులు వాళ్లు. తర్వాతి అధ్యాయంలో సంతానం లేని అబ్రాము, దమస్కు ఎలీయెజెరును తలచుకుని, తన ఇంట పుట్టినవాడే తనకు వారసుడవుతాడని దేవుడితో మొరపెట్టుకుంటాడు. కొడుకు లేనప్పుడు ఇంటి దాసుడు ఆస్తికి వారసుడు కావడం ఊహకు అందని సంగతి కాదన్నమాట. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో, యూదా గోత్రపు వంశావళి మధ్యలో ఇంతకంటె గట్టి ఉదాహరణ ఉంది. షేషానుకు కొడుకులు లేరు, కూతుళ్లే ఉన్నారు. అతను తన కూతురిని యర్హా అనే ఐగుప్తు దాసుడికిచ్చి పెళ్లి చేశాడు. ఆ దంపతుల సంతతిని తరం తర్వాత తరంగా ఎలీషామా వరకు యూదా వంశస్థులుగానే ఆ జాబితా నమోదు చేసింది. ఐగుప్తీయుడైన దాసుడి మనవలూ మునిమనవలూ యూదా గోత్రంలో కలిసిపోయారు. వంశావళి రాసినవాళ్లకు అందులో దాచవలసినదేమీ కనిపించలేదు.

సున్నతి అనే ఆచారం ఇశ్రాయేలీయులు కనిపెట్టినదీ కాదు, వాళ్లకే పరిమితమైనదీ కాదు. సక్కారాలోని అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద, ఆరవ రాజవంశ కాలపు శిల్పంలో సున్నతి దృశ్యం చెక్కి ఉంది. ఐగుప్తు, యూదా, ఎదోము, అమ్మోను, మోయాబు దేశస్థులను సున్నతి గలవాళ్లుగా యిర్మీయా 9వ అధ్యాయం ఒకే వరుసలో పేర్కొంటూ, హృదయంలో సున్నతి లేకపోతే శరీరంలోని గుర్తు వల్ల ప్రయోజనం లేదంటుంది. సమూయేలు గ్రంథాల్లో ‘సున్నతి లేనివాళ్లు’ అన్న తిట్టు పదే పదే ఫిలిష్తీయులకే తగలడానికి కారణం, చుట్టుపక్కల జాతుల్లో ఆ ఆచారం లేనివాళ్లుగా వాళ్లు కొట్టవచ్చినట్టు కనబడడమే. కనాను సరిహద్దుల్లో సున్నతి ఇశ్రాయేలీయుణ్ణి మోయాబీయుడి నుంచి వేరుచేసే గుర్తు కాలేకపోయింది.

క్రీ.పూ. 586లో యెరూషలేము కూలి, జనం బబులోనుకు చెరపట్టబడిన తర్వాత పరిస్థితి మారింది. బబులోనీయులకు ఆ ఆచారం లేదు. దేవాలయం లేదు, రాజు లేడు, భూమి లేదు. శరీరం మీద ఉన్న గుర్తు, వారంలో ఒక విశ్రాంతిదినం మాత్రం ఎక్కడికైనా వెంట తీసుకుపోగలిగినవి. ఆదికాండము 17నూ, నిర్గమకాండము 12లోని పస్కా చట్టాన్నీ యాజక (పూజారి) వర్గపు రచనలుగా భావించి, వాటి ప్రస్తుత రూపాన్ని చెర కాలానికో, ఆ తర్వాతి పారసీక పాలనా కాలానికో చెందినదిగా నిర్ణయించే పండితులు చాలామంది ఉన్నారు; ఆచారం మాత్రం అంతకంటె ఎంతో పాతదన్నది వాళ్లూ ఒప్పుకునేదే. మోషే భార్య సిప్పోరా కొడుకుకు సున్నతి చేసినదీ, యెహోషువ గిల్గాలులో ఇశ్రాయేలీయులకు చేయించినదీ రాతి కత్తులతోనే అని గ్రంథం చెప్పడాన్ని ఆ ప్రాచీనతకు ఆనవాలుగా చూపుతారు. ఈ కాలనిర్ణయాన్ని అంగీకరిస్తే, కొన్న దాసులకు కూడా సున్నతి చేయాలన్న పట్టుదలకు ఒక ఆచరణాత్మకమైన అర్థం కనిపిస్తుంది. అన్యుల మధ్య బతుకుతున్న చిన్న సమాజం తన హద్దును ఊరి పొలిమేరల దగ్గర గీసుకోలేదు. ఇంటి గడప దగ్గరే గీసుకోవాలి. గడప లోపల ఆ గుర్తు లేని మగవాడు ఒక్కడున్నా ఆ హద్దుకు చిల్లి పడినట్టే.

దాసుడి శరీరం మీద గుర్తు వేయడం ఆ కాలంలో కొత్త కాదు. మెసపొటేమియాలో దాసులకు ప్రత్యేకమైన గుర్తు ఉండేది. యజమానికి తెలియకుండా దాన్ని గొరిగి తీసేసిన మంగలి చెయ్యి నరకాలని బబులోను రాజు హమ్మురాబి శాసనంలోని 226వ నియమం చెబుతుంది. యూదులకే సంబంధించిన సాక్ష్యం ఐగుప్తు దక్షిణపు సరిహద్దులోని ఎలిఫెంటీన్ దీవి నుంచి దొరికింది. అక్కడ పారసీకుల సైన్యంలో పనిచేసిన యూదుల కాలనీ వదిలివెళ్లిన అరమాయిక్ పత్రాల్లో, క్రీ.పూ. 410 నాటి ఒకదానిలో, మిబ్తహియా అనే స్త్రీ చనిపోయాక ఆమె కొడుకులిద్దరూ ఆమె దాసులను పంచుకున్న వివరాలున్నాయి. ఆ ఐగుప్తు దాసుల కుడి చేతి మీద, వాళ్లు మిబ్తహియాకు చెందినవాళ్లని అరమాయిక్‌లో పచ్చబొట్టు పొడిచి ఉందని పత్రం గుర్తుగా రాసుకుంది. చేతి మీది అలాంటి రాత ఊరందరికీ కనిపించాలి, పారిపోతే పట్టించాలి. యజమాని చేతి మీద అటువంటిదేదీ ఉండదు.

సున్నతి అలాంటి ముద్రగా పనికిరాదు. అది బట్టల కింద ఉంటుంది. ఎవరు కొన్నారో, ఎవరిదో చెప్పదు. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి అక్కరకు రాదు. అన్నిటికంటె ముఖ్యంగా, అదే గుర్తు యజమాని మీదా, యజమాని కొడుకు మీదా ఉంటుంది. దాసులకు చేసే సున్నతిని కేవలం యాజమాన్య ముద్రగా వివరించే వాదానికి ఇది గట్టి అడ్డంకి. యజమాని తనకు వేసుకోని ముద్రను దాసుడికి వేయడం వేరు, తన మీద ఉన్నదాన్నే దాసుడి మీద కూడా పెట్టడం వేరు. అయినా దాసుడికి ఆ గుర్తు తగిలేది యజమాని నిర్ణయం వల్లనే అన్నది కూడా అంతే నిజం. చేర్చుకోవడం, సొంతం చేసుకోవడం ఈ ఒక్క చర్యలో ఒకటిగా జరిగాయి. వాటిని విడదీసి ఒకదాన్ని మెచ్చుకుని మరొకదాన్ని ఖండించడం మన కాలపు అవసరమే తప్ప, ఆ ఇంటి పెద్దకు గాని, బహుశా ఆ దాసుడికి గాని తోచిన విభజన కాదు.

యాజకుల ఇళ్ల గురించి లేవీయకాండము 22వ అధ్యాయం చెప్పే నియమం ఈ తర్కాన్ని ఇంకొంచెం దూరం తీసుకుపోతుంది. యాజకులకు వచ్చే ప్రతిష్ఠితమైన ఆహారాన్ని సామాన్య ఇశ్రాయేలీయులు ముట్టకూడదు. యాజకుడి ఇంట ఉండే పరవాసి, అతని దగ్గర పనిచేసే కూలివాడు కూడా తినకూడదు. కాని యాజకుడు వెండి పెట్టి కొన్న దాసుడు తినవచ్చు, అతని ఇంట పుట్టిన దాసులూ తినవచ్చు. ఇక యాజకుడి సొంత కూతురు వేరే కుటుంబంలోని సామాన్యుణ్ణి పెళ్లాడితే ఆ ఆహారానికి అనర్హురాలవుతుంది. విధవరాలై గాని, విడనాడబడి గాని, పిల్లలు లేకుండా పుట్టింటికి తిరిగివస్తే మళ్లీ చిన్ననాటిలాగే తినవచ్చు. యాజకుల మూలపురుషుడైన అహరోను రక్తమున్న కూతురు బయట, అహరోను పేరు కూడా వినని దేశం నుంచి వచ్చిన దాసుడు లోపల. ఏ ఇంటి అన్నం తింటున్నారన్నదే ఇక్కడ కొలమానం. ఈ వచనాలు సున్నతిని ప్రస్తావించవు. ప్రస్తావించవలసిన అవసరమూ లేకపోయింది, యాజకుడి ఇంట సున్నతి లేని దాసుడు ఉండడమన్నది ఆ రచయితలకు తట్టే విషయం కాదు.

ద్వితీయోపదేశకాండము దారి వేరు. శరీరానికి చేసే సున్నతి గురించి ఆ గ్రంథంలో ఒక్క ఆజ్ఞ కూడా లేదు. హృదయపు సున్నతి గురించి మాత్రం రెండు చోట్ల చెబుతుంది. అయినా దాసదాసీలు దాని పండుగల్లో ఎప్పుడూ ఉంటారు. వారాల పండుగలో, పర్ణశాలల పండుగలో కొడుకులూ కూతుళ్లూ దాసులూ దాసీలూ, ఊళ్లో ఉన్న లేవీయుడూ పరదేశీ తండ్రిలేనివాడూ విధవరాలూ కలిసి సంతోషించాలని 16వ అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయంలోని పస్కా వచనాల్లో మాత్రం ఈ జాబితా కనిపించకపోవడం గమనించదగినది. విశ్రాంతిదినపు ఆజ్ఞలో, దాసుడూ దాసీ నీలాగే విశ్రాంతి పొందాలన్న కారణాన్ని జోడించి, ఐగుప్తులో నీవూ దాసుడివేనని గుర్తుచేస్తుంది. మోయాబు దేశంలో నిబంధన కోసం నిలబడిన జనంలో కట్టెలు కొట్టేవాళ్లనూ నీళ్లు తోడేవాళ్లనూ కూడా లెక్కవేస్తుంది. దాసుణ్ణి యాజక రచన గుర్తు ద్వారా లోపలికి తెస్తే, ఈ గ్రంథం విందు ద్వారా, జ్ఞాపకం ద్వారా తెస్తుంది. పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించకూడదని, అతను కోరిన ఊళ్లో ఉండనివ్వాలని చెప్పినది కూడా ఈ గ్రంథమే. పారిపోయిన దాసుడికి ఆశ్రయమిచ్చినవాడికి హమ్మురాబి శాసనం మరణశిక్ష విధించిందని తెలిస్తే దీని బరువు అర్థమవుతుంది.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చూడాలి. దాసుణ్ణి కర్రతో కొట్టిన యజమాని, దెబ్బల వల్ల దాసుడు వెంటనే చస్తే శిక్ష పొందాలనీ, ఒకటి రెండు రోజులు బతికి తర్వాత చస్తే శిక్ష లేదనీ, దాసుడు అతని సొమ్మే గనుక అలా అనీ నిర్గమకాండము 21వ అధ్యాయం చెబుతుంది. కన్ను పోయినా, పన్ను ఊడినా దాసుణ్ణి స్వతంత్రుడిగా వదిలేయాలన్నదీ ఆ అధ్యాయమే. ఆరేళ్లు పనిచేసి ఏడో ఏట విడుదలయ్యే హక్కు హెబ్రీయుడికే, అంటే ఇశ్రాయేలీయుడికే ఉంది. చుట్టుపక్కల జాతుల నుంచి కొన్నవాళ్లను కొడుకులకు ఆస్తిగా అప్పగించవచ్చని లేవీయకాండము 25వ అధ్యాయం స్పష్టంగా అనుమతిస్తుంది. పస్కా గొర్రెపిల్లను పంచుకుని తిన్న సున్నతి పొందిన విదేశీ దాసుడు ఈ విడుదల లెక్కలోకి రాడు. ఆరాధనలో ఇశ్రాయేలీయుడితో సమానంగా కూర్చున్నా, రుణాల లెక్కలో, వారసత్వపు లెక్కలో, విడుదల లెక్కలో అతను అన్యుడే. హెబ్రీ దాసుల విడుదల కూడా ఎంత బలహీనమైనదో యిర్మీయా 34వ అధ్యాయం చూపుతుంది: బబులోను సైన్యం ముట్టడించినప్పుడు సిద్కియా రాజు ఒప్పందంతో దాసులను వదిలిపెట్టిన యజమానులే, తర్వాత మనసు మార్చుకుని వాళ్లను మళ్లీ పట్టి తెచ్చుకున్నారు.

చెర నుంచి తిరిగివచ్చినవాళ్ల జాబితా ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. సమాజమంతా కలిపి 42,360 మంది అని మొత్తం చెప్పిన తర్వాత, వాళ్లు కాక దాసదాసీలు 7,337 మంది అని వేరుగా రాశారు. ఆ తర్వాతి వరుసలో గాయకులు, ఆ వెంటనే గుర్రాలు 736, కంచరగాడిదలు 245, ఒంటెలు 435, గాడిదలు 6,720. ప్రతి ఆరుగురు సమాజ సభ్యులకు ఇంచుమించు ఒక దాసుడో దాసో ఉన్న జనం అది. సున్నతి చేసి ఇంటిలోకి తీసుకున్నవాళ్లను సమాజపు మొత్తంలోకి తీసుకోలేదు.

అలా లోపలికి రావడానికి ఆ మనిషి ఇష్టపడ్డాడా అని తోరా, అంటే బైబిలులోని మొదటి అయిదు గ్రంథాలు, ఎక్కడా అడగదు. ఎనిమిది రోజుల శిశువు విషయంలో ఆ ప్రశ్నకు అర్థం లేదు. కాని వెండితో కొన్నవాడు చాలాసార్లు ఎదిగిన మనిషి. ఎదిగిన మగవాడికి సున్నతి ఎంత బాధాకరమో ఆ గ్రంథానికి తెలుసు. యాకోబు కూతురు దీనాను చెరిచిన షెకెము, అతని ఊరివాళ్లు సున్నతికి ఒప్పుకుని, మూడో రోజున నొప్పితో కదలలేక ఉండగా ఆమె అన్నలు షిమ్యోను, లేవి వచ్చి వాళ్లను చంపిన కథ మొత్తం ఆ బాధ మీదే ఆధారపడి నడుస్తుంది. అబ్రాహాము ఇంటి దాసుల బాధ గురించి 17వ అధ్యాయంలో ఒక్క మాట లేదు.

స్త్రీల సంగతి ఇంకా చిక్కుగా ఉంది. ఇంటి ఆరాధనలో ప్రవేశానికి గుర్తు మగవాడి శరీరం మీదే ఉంటే, దాసి ఏ దారిన లోపలికి వచ్చింది? చట్టాలు ఆమెను విశ్రాంతిదినంలో, పండుగల్లో పేరుపెట్టి లెక్కవేస్తాయి గాని ఆమె ప్రవేశానికి ఏ కర్మనూ విధించవు. ఇంటి పెద్ద భార్యకూ అంతే, కూతురికీ అంతే. ఆ కోణంలో చూస్తే, దాసికీ యజమానురాలికీ మధ్య ఆరాధన విషయంలో ఉన్న దూరం, దాసుడికీ యజమానికీ మధ్య ఉన్నదానికంటె తక్కువేనేమో. కాని ఐగుప్తు దాసి హాగరు కథ ఆ దూరం ఏ క్షణంలోనైనా పెరగగలదని చూపుతుంది. ఆమె కొడుకుకు సున్నతి అయింది. అయినా అతన్నీ తల్లినీ రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి అరణ్యంలోకి పంపించేశారు. సున్నతి గుర్తు ఇష్మాయేలుకు శరీరం మీద మిగిలింది, ఇంట్లో చోటు మిగల్లేదు.

ఎలిఫెంటీన్ పత్రాలు దీనికి భిన్నమైన ఒక దాసి జీవితాన్ని దాచి ఉంచాయి. మెషుల్లాము అనే యూదుడి దగ్గర తమెత్ అనే ఐగుప్తు దాసి ఉండేది. క్రీ.పూ. 449లో, ఆమె ఇంకా దాసిగా ఉండగానే, అక్కడి యాహో (ఇశ్రాయేలు దేవుడి) దేవాలయంలో సేవకుడైన అననియా ఆమెను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి పత్రం రాసుకున్నది అతనూ మెషుల్లామూ. వాళ్లకు యెహోయిష్మ అనే కూతురు పుట్టింది. క్రీ.పూ. 427లో మెషుల్లాము, తన మరణం తర్వాత తల్లీకూతుళ్లు స్వతంత్రులని పత్రం రాసిచ్చాడు. ప్రతిగా వాళ్లు తననూ, తర్వాత తన కొడుకునూ, పిల్లలు తండ్రిని చూసుకున్నట్టు చూసుకోవాలన్న షరతు పెట్టాడు. దేవాలయ సేవకుడి భార్య ఇరవై రెండేళ్లపాటు మరొకరి దాసిగానే ఉండడం ఆ సమాజానికి విడ్డూరంగా తోచినట్టు లేదు. కూతురికి పెట్టిన పేరులో మాత్రం ఇశ్రాయేలు దేవుడి పేరు ఉంది.

దాసుడు ఆరాధనలో భాగస్వామి అయ్యాడన్న విషయాన్ని యజమాని చేతులు కట్టే నియమంగా మార్చిన తొలి రచన దమస్కు పత్రం. కైరోలోని పాత సునగోగు (యూదుల ప్రార్థనాలయం) గదిలో దొరికిన మధ్యయుగపు ప్రతులను సొలొమన్ షెక్టర్ 1910లో ప్రచురించాడు. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో అదే రచన తునకలు దొరికిన తర్వాత అది క్రీస్తుకు పూర్వపు యూదు శాఖదని రుజువైంది. దానిలో ఒక నియమం, తన దాసుణ్ణి గాని, దాసిని గాని అన్యులకు అమ్మకూడదని చెబుతుంది. వాళ్లు యజమానితో కలిసి అబ్రాహాము నిబంధనలోకి ప్రవేశించారన్నదే అందుకు అది చూపే కారణం. సున్నతి లేని దాసిని కూడా అదే నిబంధనలోకి ప్రవేశించినదానిగా ఆ వాక్యం లెక్కవేసింది. ఆదికాండము 17 చెప్పకుండా వదిలేసిన విషయాన్ని పూరించినట్టయింది. దాస్యాన్ని ఇది రద్దు చేయలేదు. దాసుణ్ణి ఉంచుకోవచ్చు, అతనిచేత పని చేయించుకోవచ్చు. అయితే అతని ధర మీద యజమానికున్న అధికారానికి ఒక వైపు గోడ కట్టింది. ఆదికాండములో ఇంటి పెద్ద హక్కుగా మొదలైనది ఇక్కడ ఇంటి పెద్ద మీద బాధ్యతగా తిరిగివచ్చింది. ఈ మార్పే ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన మలుపని ఈ వ్యాసం అభిప్రాయం.

యూదు ధర్మపండితులైన రబ్బీల నియమాలతో సుమారు క్రీ.శ. 200లో సంకలనమైన మిష్నా ఆ గోడను చట్టంగా మార్చింది. దాసుణ్ణి అన్యుడికి గాని, ఇశ్రాయేలు దేశం వెలుపలికి గాని అమ్మితే ఆ అమ్మకంతోనే అతను స్వతంత్రుడవుతాడని గిట్టీన్ విభాగం చెబుతుంది. సున్నతి పొంది, స్నానకర్మ జరిగిన దాసుడికి ఆజ్ఞలు కూడా వర్తిస్తాయి. ఏవి వర్తిస్తాయన్న ప్రశ్నకు అతణ్ణి స్త్రీలతో, చిన్నపిల్లలతో కలిపి లెక్కవేశారు. షెమా అనే విశ్వాస ప్రకటన పఠించడం, తెఫిల్లీను అనే లేఖనాల పెట్టెలు ధరించడం అతనికి విధి కాదు. ప్రార్థన, భోజనానంతర స్తుతి విధి. రబ్బాన్ గమలీయేలు దాసుడు తాబి కథలు ఈ మధ్యస్థ స్థితిని చక్కగా చూపుతాయి. పర్ణశాలల పండుగలో తాబి పర్ణశాలలోనే మంచం కింద పడుకునేవాడట. అతను విద్వాంసుడనీ, ఆ ఆజ్ఞ దాసులకు విధి కాదని తెలిసే అలా పడుకున్నాడనీ గమలీయేలు పెద్దలకు మురిపెంగా చెప్పాడట. తాబి చనిపోయినప్పుడు గమలీయేలు సంతాపాలు స్వీకరించాడు. దాసుల విషయంలో అలా చేయకూడదని నీవే నేర్పావు కదా అని శిష్యులు అడిగితే, తాబి ఇతర దాసుల్లాంటివాడు కాడని, సజ్జనుడని జవాబిచ్చాడు. ఆ జవాబులో ప్రేమ ఉంది. మిగిలిన దాసుల గురించిన నియమం అలాగే ఉండిపోవడం కూడా ఉంది.

తోరా అడగని ప్రశ్నను అడిగినదీ రబ్బీలే. సున్నతి లేని దాసుణ్ణి ఇంట ఉంచుకోవచ్చని రబ్బీ ఇష్మాయేలు, ఉంచుకోకూడదని రబ్బీ అకీవా వాదించారు. కొన్న దాసుడు సున్నతికి ఒప్పుకోకపోతే పన్నెండు నెలలు ఓపిక పట్టి నచ్చజెప్పాలని, అప్పటికీ ఒప్పుకోకపోతే అన్యులకే తిరిగి అమ్మేయాలని రబ్బీ యెహోషువ బెన్ లేవి పేరుతో, మిష్నా మీద రబ్బీల చర్చల సంకలనమైన బబులోను తల్మూదు చెబుతుంది. దాసుడికి అతని ఇష్టానికి వ్యతిరేకంగా సున్నతి చేయవచ్చా అన్నదాని మీద కూడా అక్కడే వాదోపవాదాలున్నాయి. పన్నెండు నెలల గడువు ఈనాటి దృష్టికి చిన్న విషయంగా కనిపించవచ్చు. దాసుడి ‘కాదు’ అన్న మాటకు విలువ కట్టిన చట్టాలు ఆ కాలంలో ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే అలా అనిపించదు. అలాంటి దాసుణ్ణి స్వతంత్రుణ్ణి చేసినప్పుడు మరో స్నానకర్మతో అతను సంపూర్ణంగా యూదుడవుతాడు. దాస్యంలో సగం దారి వచ్చి ఆగిన ప్రయాణం విడుదలతో పూర్తవుతుందన్నది రబ్బీల అవగాహన.

అప్పటికి రాజ్యాధికారం యూదుల చేతుల్లో లేదు. రెండో శతాబ్దంలో రోమా చక్రవర్తి ఆంటొనైనస్ పయస్, యూదులు తమ కొడుకులకు మాత్రమే సున్నతి చేసుకోవచ్చని, యూదుడు కానివాడికి చేస్తే వృషణాలు తీసేసిన నేరానికి వేసే శిక్షే వేయాలని ఆదేశించాడు. దానితో అబ్రాహాము ఇంటి పద్ధతి రోమా సామ్రాజ్యంలో నేరమైంది. క్రీ.శ. 335లో కాన్‌స్టంటైన్ చట్టం మరో మెట్టు ఎక్కింది: క్రైస్తవుణ్ణి గాని, వేరే మతానికి చెందినవాణ్ణి గాని దాసుడిగా కొని సున్నతి చేసిన యూదుడు అతణ్ణి ఇక ఉంచుకోవడానికి వీల్లేదు, ఆ దాసుడు స్వతంత్రుడు. కొన్నవాణ్ణి ఇంటికి చెందినవాడిగా చేయడానికి ఏర్పడిన కర్మ, అతణ్ణి ఇంటి నుంచి విడిపించే చట్టపరమైన కారణమైంది. నాలుగేళ్ల తర్వాత అతని కొడుకు కాన్‌స్టాంటియస్, అలాంటి దాసులను కొనడాన్నే నిషేధించి, సున్నతి చేసిన యజమానికి మరణశిక్ష విధించాడు.